తాగని తాగుబోతు సాక్ష్యం

నేను జీవితంలో తాగినదంతా కలిపితే ఒక చెంబు నిండదు. పెళ్ళికి ముందు స్నేహితుల బలవంతం మీద రెండుసార్లు బీరు, ఒకసారి కల్లు. మూడుసార్లూ కక్కుకున్నాను. అయినా మా వైపు నాలుగు మండలాల్లో నన్ను తాగుడు నుంచి విడుదల పొందిన మనిషిగా ఎరుగుదురు. పెద్దారవీడు దగ్గర మా ఊళ్ళోనే కాదు, యర్రగొండపాలెంలోనూ, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ నా సాక్ష్యం విని ఏడ్చినవాళ్ళు ఉన్నారు. ఆ ఏడుపులు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సాక్ష్యం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరు గారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడుగుతారు. లేచి నిలబడి, దేవుడు నన్ను ఫలానా దాని నుంచి విడిపించాడని అందరి ముందూ చెప్పాలి. జబ్బు నుంచి, తాగుడు నుంచి, దయ్యం నుంచి. మా నాయన వారమంతా కూలికి పోయి, ఆదివారం తెల్లచొక్కా వేసుకొని నన్ను పక్కన కూర్చోబెట్టుకొనేవాడు. వందల సాక్ష్యాలు విన్నాను కాబట్టి వాటి నడక నాకు కంఠతా వచ్చు. ముందు తానెంత చెడ్డవాడో చెప్పాలి. తర్వాత ఒక రోజు మోకరించి ఏడవాలి. లేచేసరికి కొత్త మనిషై ఉండాలి. ఆ తర్వాత ఏం జరిగిందని ఎవరూ అడగరు.

నాది బోర్ల ఏజెంటు పని. బోరు బండి నాది కాదు, బండి యజమానికీ రైతుకూ మధ్య మనిషిని. మా పడమటి పల్లెల్లో ఎనిమిది వందల అడుగులు దింపినా దుమ్ము తప్ప ఏమీ రాని చేలు ఉన్నాయి. అందుకే ఈ పనికి నోరు కావాలి. అది నాకు పుట్టుకతోనే వచ్చింది. పొద్దున బైకెక్కితే అర్ధవీడు, కంభం, గిద్దలూరు తిరుగుతుంటాను. ఏ గంటలో ఎక్కడ ఉంటానో నా నీడకు కూడా తెలియదు. నా జబ్బుకు అంతకంటే అనువైన ఉద్యోగం వెతికినా దొరకదు.

జబ్బు అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ మాట నోటికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మొదట ఫోనులో వీడియోలు. తర్వాత అవే గంటల తరబడి. ఆ తర్వాత బ్రోకర్లు, లాడ్జీలు. ఫోను మోగితే చేతిలో ఎంత ముఖ్యమైన పని ఉన్నా వదిలేసి పోయేవాణ్ణి. వచ్చాక తోలు ఊడేలా రుద్దుకొని స్నానం చేసి, ఇదే ఆఖరు అని ఒట్టు పెట్టుకొనేవాణ్ణి. ఒట్టు మర్నాటి భోజనం దాకా నిలిచేది. ఆ గదుల్లో చూసిన ఆడవాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నాకు గుర్తులేదు, అది కూడా ఒప్పుకోవాలి. మా వైపు ముక్కూముఖం తెలియని మనిషినైనా వరస కలిపే పిలుస్తాం. చేలల్లో కనబడిన ఆడవాళ్ళందరినీ అక్కా, వదినా అనే పిలిచేవాణ్ణి. నోరు అక్కా అంటుంటే కళ్ళు వేరే పనిలో ఉండేవి. అయినా నాకు నేను చెప్పుకొన్నది ఇంతే: ఎవర్నీ బలవంతం చేయడం లేదు, ఇంట్లో ఎవర్నీ పస్తు పెట్టడం లేదు, మగవాడన్నాక ఇదంతా మామూలే.

ఈ మామూలు వ్యవహారమే ఒక రైతు బోరు మింగింది. కొత్త జిల్లాల గీతలు గీసి, మార్కాపురాన్ని మాత్రం ఒంగోలు కిందే ఉంచేశారని టీకొట్ల దగ్గర అందరూ రుసరుసలాడుతున్న రోజులవి. అర్ధవీడు దగ్గర ఒకాయన, అంతకుముందే రెండు బోర్లు ఎండిపోయినవాడు, గొర్రెలు అమ్ముకొని మూడోది వేయించుకుంటున్నాడు. బోరు వేసేటప్పుడు పైనున్న మట్టి లోపలికి కూలకుండా పైపు దింపుతారు. గట్టి రాయి తగిలేదాకా దింపించాల్సిన బాధ్యత నాది. బండివాళ్ళకు గబగబా ముగించి ఇంకో చేనికి పోవడమే కావాలి. రైతు భార్య పసుపు కుంకుమ చల్లి కొబ్బరికాయ కొట్టింది. పని మొదలైన గంటకు నా ఫోను మోగింది. డీజిలు సంగతి చూసి వస్తానని చెప్పి కంభం పోయాను, ఫోను ఆపేశాను. తిరిగి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. నీళ్ళు బాగా పడ్డాయి, కానీ పైపు తక్కువ దింపారు. మూడో రోజుకు మట్టి కూలి బోరు పూడిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ రైతు మా ఇంటికి వచ్చాడు. ఆరాధన ముగించుకొని పాస్టరు గారు మా ఇంట్లో భోజనం చేస్తున్నారు. నా భార్య వడ్డిస్తోంది. ఆమె మా మేనత్త కూతురు, చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది.

"ఆ పొద్దు యాడికి పోయినావప్పా?" రైతు గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "నలభై సార్లు ఫోను చేసినా. డీజిలుకంటివే, బంకులో అడిగితే నువ్వు రానేలేదన్నారు. యాడికి పోయినావో చెప్పు, నాకంతే సాలు."

పాస్టరు గారు ముద్ద నోటి దగ్గరే ఆపారు. నా భార్య గరిటె పట్టుకొని నా వైపు చూసింది. నేను ఆలోచించే లోపలే నా నోరు తన పని చేసేసింది.

"తాగి పడిపోయినానన్నా."

ఆ ఒక్క మాటతో అందరి ముఖాలూ మారిపోయాయి. రైతు కోపం సగానికి దిగింది. తన తమ్ముడు కూడా అంతేనని, ఈ తాగుడు ఎన్ని ఇండ్లు కూల్చిందోనని కూర్చొని బాధపడ్డాడు. పాస్టరు గారు చెయ్యి కడుక్కొని నా తల మీద పెట్టారు. నా భార్య మాత్రం పప్పుచారు గిన్నె తీసుకొని లోపలికి పోయింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తాగుడుకు మా ఊళ్ళో ఒక చోటు ఉంది. దానికి పేరు ఉంది, ప్రార్థన ఉంది, మారినవాడికి గౌరవం ఉంది. నా దానికి నలుగురు ఆడవాళ్ళ ముందు పలకగలిగే పేరు కూడా లేదు.

తర్వాతి ఆదివారమే సాక్ష్యం చెప్పాను. మొదటిసారి రోజుకొక క్వార్టరు తాగేవాణ్ణని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. యర్రగొండపాలెం కూడికకు, అంటే ప్రార్థన సభకు, పోయేసరికి అది ఫుల్ బాటిల్ అయింది. మూడో ఏడు వచ్చేసరికి నేను రోజుకు మూడు ఫుల్లులు తాగుతున్నాను. అడిగేవాడు లేకపోతే నాలాంటివాడు ఎందుకు ఆగుతాడు! నా భార్య తల మీద కొంగు కప్పుకొని ముందు వరస చాప మీద కూర్చొనేది, ఆడవాళ్ళు వచ్చి ఆమె చేతులు పట్టుకొనేవాళ్ళు. సాక్ష్యం చెప్పిన మర్నాడే లాడ్జీకి పోయిన రోజులు ఒకటి రెండు కావు. దేవుడి పని చేసి వచ్చానన్న ధైర్యం నన్ను మెట్లెక్కించేది. ఇంత సిగ్గులేనితనం నాలో ఎక్కడ దాక్కొని ఉండేదో నాకు తెలియదు.

గిద్దలూరులో ఒక ట్యూషన్ గదిలో శనివారం మధ్యాహ్నాలు కొందరు కలుస్తారని పాస్టరు గారికి ఎవరో చెప్పారు. తాగుడు మానాలనుకొనేవాళ్ళు, ఫోనులో పేకాట వదల్లేనివాళ్ళు, అలవాటుకు లొంగిపోయినవాళ్ళు ఎవరైనా రావచ్చు. పేర్లు చెప్పుకోరు, వరసలతో పిలుచుకుంటారు. మంచి సాక్ష్యం ఉన్నవాడు నాలుగు మాటలు చెబితే వాళ్ళకు బలంగా ఉంటుందని ఆయన నన్ను పంపారు.

ఆరుగురు మగవాళ్ళు పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ముడుచుకొని కూర్చొని ఉన్నారు. నేను ఇరవై నిమిషాలు దంచేశాను. ఏడవాల్సిన చోట గొంతు పూడింది కూడా. ముగించి చూస్తే ఒక్కరూ స్తోత్రం అనలేదు. మెడలో టేపు వేసుకున్న ముసలాయన ఒకడు, దర్జీ పని చేసేవాడు, నెమ్మదిగా అడిగాడు.

"మానేసిన మొదటి నాలుగు రోజులు ఎట్ల గడిచినాయి నాయనా?"

"ప్రభువు కృప వల్ల హాయిగా నిద్రపోయాను" అన్నాను.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. దర్జీ నవ్వలేదు. "నాకు గోడ మీద ఎండ్రకాయలు పాకినట్లు కనపడినాయి. చెయ్యి వణికి సూది బొటనవేల్లో దిగింది. ఇదిగో ఈ మామకు ఫిట్సు వచ్చినాయి. రోజుకు మూడు ఫుల్లులు తాగినోడు కూడికలకు రాడు నాయనా, కాటికి పోతాడు."

బయట టీ తాగేటప్పుడు ఆయన నా పక్కకు వచ్చాడు. "నువ్వు తాగినోడివి కాదు. తాగనోడు తాగినానని ఊరూరా చెప్పుకుంటున్నాడంటే, చెప్పలేనిది ఇంకేందో ఉంది. నాకు చెప్పొద్దులే. నీకు నువ్వన్నా చెప్పుకో."

"నన్ను అబద్ధాలకోరు అంటావా? నీ గుడ్డలు నువ్వు కుట్టుకో పో" అని టీ కప్పు నేలకేసి కొట్టాను. బైకు మీద ఇల్లు చేరేదాకా ఆయన్ని తిడుతూనే ఉన్నాను.

మానగలనని ఆ ముసలాయనకు రుజువు చేయాలనుకున్నాను. ఏం మానాలో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. అంటే మానాల్సింది ఒకటి ఉందని ఒప్పేసుకున్నట్టే గదా అన్న సంగతి అప్పుడు తట్టలేదు. బ్రోకర్ల నంబర్లు తీసేశాను, అయితే ఆ నంబర్లు నాకు నోటికి వచ్చని రెండో రోజుకే తెలిసింది. నాలుగో రోజు నుంచి నిద్ర లేదు. ఛార్జరు తీసినందుకు నా కూతురి మీద అరిచి, అది జడుసుకొని అమ్మ వెనక నిలబడితే మళ్ళీ అరిచాను. చేతులు చెమటలు పట్టేవి, ఎవరు మాట్లాడినా చిరాకే. దర్జీ చెప్పిన నాలుగు రోజులు ఇవేనని అర్థమై భయపడ్డాను. తొమ్మిది రోజులు లాగాను. పదో రోజు గురువారం, పట్టపగలు మార్కాపురంలో లాడ్జీ మెట్లెక్కాను.

ఆ గదిలో ఉండగానే నా భార్య ఫోను చేసింది. ఎప్పుడూ ఆపేసేవాణ్ణి, ఆ రోజు మర్చిపోయాను. చేతికి అలవాటై ఎత్తేశాను కూడా.

"బావా, పాస్టరు గారు వచ్చిపోయినారు. ఈ ఆదివారం పెద్ద కూడిక అంట. నన్ను కూడా నీ పక్కన నిలబడి సాక్ష్యం చెప్పమంటున్నారు, నా ప్రార్థన వల్లనే నువ్వు మారినావని. ఏం చెప్పాల్నో వచ్చి రాసియ్యి. అందరి ముందర తప్పు చెప్పకూడదు గదా."

సరేనని పెట్టేశాను. గదిలో ఉన్నామె, "ఇంటి నుంచా?" అని అడిగింది. అవునన్నాను. "పో అన్నా, ఇంటికి పో" అంది. అన్నా అన్నది. ఆ మాట నేను రోజూ వాడే మాటే, కానీ ఆమె నిజంగానే పిలిచింది. మెట్లు దిగి బైకు దగ్గరికి వచ్చాను. నేనొక్కణ్ణీ దిగజారితే సరిపోక, ఏ పాపం ఎరగని మనిషి చేత నలుగురి ముందూ దేవుడి పేరున అబద్ధం చెప్పించబోతున్నాను. ఆదివారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి.

శనివారం గిద్దలూరు పోయాను. దర్జీ బెంచీలో జరిగి చోటిచ్చాడు, టీ కప్పు సంగతి ఎత్తలేదు. నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను, నిలబడితే మళ్ళీ పాత నడక వచ్చేస్తుందని భయమేసి కూర్చున్నాను.

"నేను తాగను. ఎప్పుడూ తాగలా. నాది ఆడవాళ్ళ యావ. డబ్బిచ్చి పోతా, ఫోనులో చూస్తా, ఆపుకోలేను. మొన్న గురువారం కూడా పోయినా."

అంతే వచ్చింది. ఇరవై నిమిషాలు దంచినవాడికి నాలుగు ముక్కల తర్వాత మాట లేదు. ఎవరూ నవ్వలేదు, ఛీ అనలేదు. వెనక బెంచీలోంచి ఎవరో గొంతు సవరించుకొన్నారు. గిద్దలూరులో సిమెంటు కొట్టు నడిపే పెద్దమనిషి, తరాలుగా వ్యాపారం చేసే ఇంటివాడు. బయటైతే ఆయన కొట్టు ముందు ఎండలో నిలబడి ఆయన పిలిచేదాకా ఆగే మనిషిని నేను. మొదటి రోజు కిసుక్కుమన్నది ఆయనే.

"నాదీ అదే" అన్నాడు తల వంచుకొని. "రెండేండ్ల నుంచి తాగుడని చెప్పుకుంటా ఈడ కూర్చుంటుండా. తాగేది నిజమే. నేను వచ్చింది మాత్రం దానికి కాదు."

నాకు ఏడుపు వచ్చింది. సాక్ష్యాల్లో ఏడ్చిన ఏడుపు కాదు, ముక్కు కారే అసలు ఏడుపు. ఇన్నేళ్ళూ ఈ భూమ్మీద ఇలాంటి కుళ్ళు నా ఒక్కడికే ఉందనుకున్నాను. ఎవరూ ఉపదేశం చేయలేదు. కొట్టాయన నా ఫోను తీసుకొని తన నంబరు ఎక్కించాడు. "మనసు అటు లాగినప్పుడు ఆ నంబర్లకు కాదు, నాకు చెయ్యి. నేనూ నీకు చేస్తా. సిగ్గుపడేది ఉంటే ఇద్దరం కలిసే పడదాం." ఇది రాస్తున్న నాటికి ఆయనకు ఎన్నిసార్లు చేశానో చెప్పలేను. రెండుసార్లు చేయకుండా జారిపడ్డాను కూడా, పడిన వారమే పోయి చెప్పుకున్నాను. ఇంకా నయమైపోయిందని అనడం లేదు.

"ఇంట్లో ఎప్పుడు చెప్తావు?" దర్జీ అడిగాడు.

"రేపు ఆమె నా పక్కన నిలబడాల."

"అయితే ఈ పొద్దే."

నేను ఇల్లు చేరేసరికి నా భార్య వాకిట్లో కూర్చొని కందులు చెరుగుతోంది. పాప ఎదురింట్లో ఆడుకుంటోంది. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. చేట ఊగడం ఆగింది.

"ఎన్నేండ్ల నుంచి?"

"పాప పుట్టినప్పటి నుంచి."

"అర్ధవీడు బోరు కూలిన పొద్దు?"

"ఆ పొద్దు కూడా."

ఆమె మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, వీధి వీధంతా వినేలా శపిస్తుందనుకున్నాను. ఏమీ లేదు. నిజం చెప్పినందుకు ఏదో ఒకటి దక్కాలన్న ఆశ నాలో ఉన్నట్టుంది, ఆమె ఏడవకపోతే నాకు కోపం కూడా వచ్చింది. ఎంత నీచమైన కోపమో రాస్తుంటే తెలుస్తోంది.

"రేపు నేను నిలబడను" అంది చెరుగుతూనే. "నువ్వు కూడా నిలబడొద్దు. పాస్టరు గారికి ఏం చెప్పుకుంటావో నువ్వే పోయి చెప్పుకో. నన్ను మాత్రం క్షమించమని అడగొద్దు, ఇప్పుడు కాదు."

ఆదివారం తెల్లారి పాస్టరు గారి ఇంటికి పోయి అంతా చెప్పాను. "ఇన్నాళ్ళు నీ మాట నమ్మి మానుకొన్నవాళ్ళు ఉన్నారయ్యా. వాళ్ళకు నేనేం చెప్పాల?" అన్నారు. ఆ రైతు దగ్గరికి కూడా పోయి నిలబడ్డాను, ఆయన గొర్రెల దొడ్డి గేటు తీయకుండానే విని, పొమ్మన్నాడు.

సోమవారం పొద్దున పాపను బడికి పంపి, నా భార్య చీర మార్చుకొని వచ్చింది.

"మార్కాపురం పోదాం పా. రక్త పరీక్షకు."

ఆ సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు. నా పాపం, నా ఏడుపు, నా మారడం, ఇంతే చూసుకున్నాను. ఆ లాడ్జీల నుంచి నేను మోసుకొచ్చిన జబ్బు ఆమె ఒంట్లోకి కూడా పోయి ఉండవచ్చన్న ఆలోచన ఆ బైకు మీదే మొదటిసారి వచ్చింది. మా ఇద్దరి మధ్యా ఆమె చేతిసంచి పెట్టుకొని కూర్చుంది.

ల్యాబు ఎక్కడ ఉందో నేను వెతుకుతుంటే, ఆమె ఎడమవైపు సందులోకి తిప్పమంది. చీటీలు రాసే అమ్మాయి తల ఎత్తి చూసి నవ్వింది.

"ఏమక్కా, ఈసారి తొందరగా వచ్చినారే. ఇంకా ఆర్నెల్లు కాలేదే?" అని, వెనక నిలబడ్డ నన్ను చూసింది. "అన్నను కూడా తీసుకొచ్చినారా?"

"ఇద్దరికీ రాయి" అంది నా భార్య.

బల్ల మీద కూర్చున్నాం. "ఎప్పటి నుంచి వస్తున్నావు ఈడికి?" అన్నాను.

"నువ్వు తాగి పడిపోయినానని చెప్పిన వారం నుంచి."

"అంటే నీకు..."

"ఒక్క పొద్దన్నా నీ నోట్లో వాసన వచ్చిందా బావా?"

మూడేళ్ళు. ముందు వరస చాప మీద తల వంచుకొని కూర్చొన్న మూడేళ్ళూ, ఆరు నెలలకొకసారి ఒంటరిగా బస్సెక్కి వచ్చి ఇక్కడ చెయ్యి చాపింది. కాగితం చేతికి వచ్చేదాకా ఇదే బల్ల మీద కూర్చొని ఉంటుంది.

"ఎందుకు అడగలేదు నన్ను?"

"అడిగితే నువ్వు ఇంకొక సాక్ష్యం చెప్పేటోడివి. నేను నీ కోసం వచ్చేదాన్ని కాదులే ఈడికి. పాపకు ఒకరమన్నా మిగలాల గదా" అంది.

లోపలి నుంచి పిలిచారు. ఆమె జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటూ లేచింది.